కప్పు మీద మూడో చెయ్యి

రాందాస్ చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీలో అభిలాష్‌కు మూడు చేతులున్నాయి. రెండు అతనివే. మూడోది తెల్లగా, రాగిరంగు వెంట్రుకలతో, ఎక్కడినుంచో వచ్చి వెండి కప్పు అంచు పట్టుకుని ఉంది. ఆ చేతికి భుజం లేదు, మనిషి అసలే లేడు. ఫొటోలో పక్కనున్న మనిషిని కత్తిరించేశారు గానీ, చెయ్యి కూడా కత్తిరిస్తే కప్పు సగం పోతుందని దాన్ని అలాగే ఉంచేశారు. పైన అతని చిన్నాయన ఇంద్రకరణ్ ముఖం అభిలాష్ ముఖానికి రెండింతలుంది. కింద వరసగా ఆయన అనుచరుల ముఖాలు. వాళ్లలో ఒక్కడూ జన్మలో రాకెట్ పట్టినవాడు కాదు, అయినా ఫైనల్ తామే ఆడొచ్చినట్టు మీసాలు దువ్వుకుని నిలబడ్డారు. "మెదక్ ముద్దుబిడ్డ, అంతర్జాతీయ డబుల్ విజేత అభిలాష్‌కు ఘన సన్మానం" అని ఎర్రటి అక్షరాల్లో వేశారు. డబుల్స్‌లోని ‘స్’ అచ్చులో ఎక్కడో రాలిపోయింది. తప్పులు లేకుండా ఈ ఊళ్లో ఫ్లెక్సీ లేవదు కాబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు.

కారు చౌరస్తా దగ్గర ఆగినప్పుడు దామిర్ కిటికీ అద్దం దించి తలెత్తి చూశాడు. అతనికి తెలుగు అక్షరం ముక్క రాదు. అయినా తన చెయ్యిని తను గుర్తుపట్టడానికి చదువెందుకు?

"అది నా చెయ్యి" అన్నాడు ఇంగ్లిష్‌లో.

"ప్రింటింగ్ వాళ్ల పొరపాటు" అన్నాడు అభిలాష్.

"మిగతా నన్ను ఏ చౌరస్తాలో కట్టారు?" అని దామిర్ నవ్వాడు. అభిలాష్ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు! ఈ రెండు రోజులూ దామిర్ ఏమన్నా నవ్వాల్సిందే. బతిమాలి బెంగళూరు నుంచి మెదక్ దాకా అతన్ని తీసుకొచ్చిందే మంచి చేసుకోవడానికి.

దామిర్‌ది క్రొయేషియా. మూడేళ్లుగా టెన్నిస్ డబుల్స్‌లో అభిలాష్‌కు జోడీ. టెన్నిస్ లోకంలో డబుల్స్ మాత్రమే ఆడేవాడి బతుకు పెళ్లిలో తోటిపెళ్లికొడుకు బతుకు. అదే బట్టలు, అదే పందిరి, అదే ఎండ. చూసేవాళ్లంతా మాత్రం అవతలివాణ్ణే చూస్తారు. సింగిల్స్ ఆడేవాడు ఒక్కడే వెళ్లి ఒక్కడే గెలుస్తాడు, పేపర్లో ఒక్కడి ఫొటోనే పడుతుంది. డబుల్స్ వాడికి ముందు జోడీ కావాలి, ఆ తర్వాతే ఆట. పెద్ద టోర్నీల్లో చోటు దొరకాలంటే ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. దామిర్‌ది పైన ఉంది, అభిలాష్‌ది కింద ఉంది. నిరుడు భుజం నొప్పితో అభిలాష్ ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటే, దామిర్ ఎవరెవరితోనో ఆడి తన ర్యాంకు కాపాడుకున్నాడు. అభిలాష్ లేచి వచ్చిన రోజు ఆ ఎవరెవరినో వదిలేసి మళ్లీ అతని పక్కకే వచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాతే, ఈ సెప్టెంబర్‌లో, ఇద్దరూ కలిసి ఆ వెండి కప్పు గెలిచారు.

ఇప్పుడు ఒక ఆస్ట్రేలియా ఆటగాడు వచ్చే ఏడాదికి తనకు జోడీగా రమ్మని దామిర్‌ను అడుగుతున్నాడు. దామిర్ ఔననలేదు, కాదనలేదు. "ఇండియా నుంచి వెళ్లేలోగా చెప్తాను" అన్నాడు. అతను అభిలాష్‌తోనే ఉంటానంటే జనవరిలో పెద్ద టోర్నీకి మెల్‌బోర్న్. కాదని వెళ్లిపోతే, ముప్పై నాలుగేళ్ల వయసులో అభిలాష్ ఖాళీ గ్యాలరీల ముందు చిన్నాచితకా పోటీల్లో ఆడుకోవాలి. ఆ వయసులో అక్కడికి దిగినవాడు తిరిగి పైకి రావడం అభిలాష్ ఇంతవరకూ చూడలేదు. అందుకే బెంగళూరులో డిసెంబర్ ఎగ్జిబిషన్ మ్యాచులు అయిపోగానే "మా ఊరు చూద్దువుగాని రా" అని వెంటబెట్టుకొచ్చాడు. అమ్మ వండే నాటుకోడి కూర, చర్చి, ఖిల్లా, ఊళ్లో తనకు జరిగే మర్యాద, ఇవన్నీ చూస్తే దామిర్ మనసు కరుగుతుందని ఆశ. ప్రపంచమంతా తిరిగి వచ్చిన మనిషికి మెదక్ మర్యాద ఎలా ఉంటుందో తెలియకపోవడమే విచిత్రం.

నిజానికి ఈ ఊరు అభిలాష్‌ను ఏనాడూ మనిషిగా లెక్కేసింది లేదు. అతను ఆట నేర్చిందే క్లబ్బులో పొట్టలు పెంచిన పెద్దమనుషుల మధ్య. వాళ్లు పరుగెత్తలేరు కాబట్టి ఎప్పుడూ డబుల్సే ఆడేవాళ్లు. నాలుగోవాడు రాని సాయంత్రం అభిలాష్‌ను నెట్ దగ్గర నిలబెట్టేవాళ్లు. అలా అతనికి నెట్ దగ్గరి ఆట ఒంటబట్టింది, వెనక నుంచి ఆడే ఆట ఒంటబట్టలేదు. తీరా దాంతోనే దేశాలు తిరిగి వస్తే, ఆ పెద్దమనుషులే "ఇద్దరు గల్సి ఆడుడు గూడ ఒక ఆటనా? సగం గెలుపే గద" అని నవ్వారు. చిన్నాయన ఇంద్రకరణ్ అయితే ప్రతి పండక్కీ అడిగేవాడు.

"ఆటల గూడ పాలోడు ఎందుకురా నీకు?"

మెదక్ వైపు పాలోడంటే దాయాది, గట్టు దగ్గర గొడవపడి వాటా లాక్కునేవాడు. ఇంద్రకరణ్ పాలోళ్లతో పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. ఒకే గీత లోపల ఇద్దరు నిలబడి తన్నుకోకుండా ఉంటారంటే ఆయన బుర్రకు ఎక్కదు. అభిలాష్ నవ్వి ఊరుకునేవాడు. ఊరుకున్నాడు గానీ ఆ మాట లోపల ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

దిగినట్టు అతనికే తెలియదు. ఎందుకంటే టెన్నిస్ కోర్టులో అడుగు పెడితే అతనికీ దామిర్‌కూ వాటాల గోల లేదు. బంతి సరిగ్గా ఇద్దరి మధ్యకు వస్తే ఎవరు కొట్టాలో రెప్పపాటులో తేలాలి. ఇంగ్లిష్‌లో అరిస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది. క్రొయేషియా భాషలో అరిస్తే ఆ చుట్టుపక్కల దేశాలవాళ్లు పట్టేస్తారు. మెదక్ తెలుగు మాత్రం ఆ లోకంలో ఇంకెవరికీ రాదు. అందుకని అభిలాష్ దామిర్‌కు నాలుగు మాటలు నేర్పాడు. నాది, నీది, ఇడువు, జరుగు. ‘నాది’ అంటే నేను కొడుతున్నా, నువ్వు తప్పుకో. ‘నీది’ అంటే కొట్టు. ‘ఇడువు’ అంటే బంతి బయటికి పోతోంది, ముట్టకు. ‘జరుగు’ అంటే అటు పక్కకు వెళ్లు. ఒకడు ‘నాది’ అన్నాక రెండోవాడు మారుమాట లేకుండా తప్పుకోవాలి, అదొక్కటే నియమం. దామిర్ దీర్ఘం తీసి ‘నాదీ’ అనేవాడు. అవతల స్పెయిన్ వాళ్లు తెల్లముఖాలు వేసేవాళ్లు. ఈ నాలుగు మాటల మీద వాళ్లు మూడేళ్లు ఆడారు, ఒక్కసారి కూడా రాకెట్లు ఢీకొనలేదు.

ఇంటి దగ్గర అభిలాష్ తల్లి గోదావరి గుమ్మంలోనే ఎదురొచ్చింది. తెల్లతోలు చూసి తడబడే మనిషి కాదావిడ.

"రా బిడ్డా, కాళ్లు కడుక్కో. మస్తు దూరం కెళ్లి వచ్చినవ్" అంది తెలుగులోనే. దామిర్‌కు ఏం అర్థమైందో గానీ బూట్లు విప్పి చెంబు అందుకున్నాడు. జొన్నరొట్టె ముక్కను కూరలో ఎలా ముంచాలో ఆమె చూపిస్తే అలాగే ముంచి తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఇంకొంచెం వెయ్యమన్నాడు. అభిలాష్‌కు ప్రాణం లేచొచ్చింది. సగం పని అయిపోయిందనుకున్నాడు.

సాయంత్రం ఇంద్రకరణ్ వచ్చాడు. అభిలాష్ తండ్రి పోయాక ఈ ఇంటికి పెద్ద దిక్కు తనేనని ఆయన నమ్మకం. రెండుసార్లు మున్సిపల్ ఎన్నికల్లో నిలబడి రెండుసార్లూ ఓడాడు. ఈసారి గాలి తనవైపే ఉందన్న సంగతి ఊరు మొత్తంలో ఆయన ఒక్కడికే తెలుసు. ఆ గాలికి అన్న కొడుకు కప్పు కూడా తోడైతే గెలిచినట్టేనని ఈ సన్మానం పెట్టించాడు.

"గీయనేనా నీ పాలోడు? పేరేంది?"

"దామిర్, చిన్నాయనా."

"దామోదర్. మంచి పేరు" అని ఇంద్రకరణ్ అతని భుజం తట్టాడు. ఆ తర్వాత ఎంత చెప్పినా ఆ నోట దామోదరే.

మర్నాడు పొద్దున్నే ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పారు. "డబుల్ విజేతకు సన్మానం! పదకొండు గంటలకు ఫంక్షన్ హాల్‌ల! అందరు తరలి రాండ్రి!" అని ఆ మైకు పాత బస్టాండు నుంచి చర్చి దాకా అరుచుకుంటూ పోయింది. అరిచినవాడికీ, అరవమన్నవాడికీ ఒక చిన్న సంగతి తట్టలేదు. ఈ వైపు డబుల్ అంటే అర్థం ఒక్కటే. రెండు పడక గదుల సర్కారు ఇల్లు. డబుల్ వచ్చిందా, డబుల్ రాలేదా అని చావింట్లో కూడా అడిగేస్తారు. ఆ ఇళ్లు లాటరీ తీసి ఇస్తారని చిన్నపిల్లవాడికైనా తెలుసు. ఇక డబుల్ విజేత అంటే ఎవరో వేరే చెప్పాలా?

తొమ్మిది కాకముందే ఇంటి గేటు దగ్గర జనం పోగయ్యారు. ముందు నిలబడింది ఆగమ్మ. కిరాయి ఇంట్లో ఉంటూ పెళ్లిళ్లలో వంటపనికి వెళ్లే ముసలామె. కొంగున ఆధార్ జిరాక్సు ముడేసుకుని వచ్చింది. అభిలాష్ బయటికి రాగానే అతన్నీ, వెనకున్న రెండంతస్తుల మేడనూ మార్చి మార్చి చూసింది.

"బిడ్డా, గింత పెద్ద బంగ్లా ఉన్నది గద నీకు. నీకెందుకు డబుల్?"

"అవ్వా, నేను ఆడేదే డబుల్స్" అన్నాడు అభిలాష్. మంచి జవాబు చెప్పాననే అనుకున్నాడు.

"ఆడుడేంది? మా బతుకులతోని ఆడుడా?" ఆగమ్మ గొంతు లేచింది. "లాటరీల మా పేర్లు ఎగిరిపోయి నీ పేరు ఎట్ల వచ్చింది? మీ చిన్నాయన ఇప్పిచ్చిండా? ఇప్పిచ్చి మళ్ల శాలువ గూడ కప్పుతుండా? ఇజ్జత్ లేదా మీకు?"

వెనక జనం "చెప్పుమనుండ్రి, చెప్పుమనుండ్రి" అని అందుకున్నారు. అభిలాష్ చేత్తో రాకెట్ ఊపి చూపించాడు. ఎవరో "ఇల్లు అడిగితె కొట్టనీకి వస్తుండు చూడుండ్రి" అన్నారు. దామిర్ మేడమీద నుంచి ఇదంతా చూసి, తన జోడీకి ఇంతమంది అభిమానులా అని ముచ్చటపడి చెయ్యి ఊపాడు.

కబురు అంది ఇంద్రకరణ్ చెమటలు కక్కుతూ వచ్చాడు. అప్పటికే చేగుంట, శంకరంపేటల నుంచి కూడా ఫోన్లు మొదలయ్యాయి. అన్న కొడుక్కి డబుల్ ఇల్లు ఇప్పించుకుని పండగ చేసుకుంటున్నాడని ఆయన పేరు ఒక్క పూటలో మూడు మండలాలు పాకింది. ఐదేళ్లు తిరిగినా రాని పేరు.

"ఇగో అభిలాష్, మంచిగ ఇను" అన్నాడు లోపలి గదిలోకి లాక్కెళ్లి. "స్టేజీ మీద డబుల్ అన్న మాట నీ నోట్లకెళ్లి రావొద్దు. వచ్చిందంటె నా రాజకీయం ఖతం. ఇద్దరు, జోడి, అసొంటివి గూడ వద్దు. ఇద్దరు అనంగనే జనాలకు డబుల్ యాదికొస్తది."

"మరి దామిర్?"

"దామోదర్‌ను నీ కోచ్ అని చెప్తా. ఫారిన్ కోచ్. మస్తుంటది. నువ్వు టెన్నిస్ ఛాంపియన్‌వి, ఒక్కనివి పోయి గెలిచొచ్చినవ్. గంతే."

"అట్ల ఎట్లయితది చిన్నాయనా? ఆయన లేకుంటె..."

"ఆయనకు తెలుగొస్తదా?"

"రాదు."

"మరెందుకు పరేషాన్ అయితవ్?"

అభిలాష్ నోరు మూసుకున్నాడు. చిన్నాయన పరువు కోసం, జనం గొడవ సద్దుమణగడం కోసం అని తనకు తాను చెప్పుకున్నాడు. అది సగం అబద్ధం. ఒక్కనివి పోయి గెలిచొచ్చినవ్ అన్న మాట చెవిలో పడగానే అతని ఒళ్లు పులకరించింది. ఈ ఊళ్లో ఎవరూ ఏనాడూ అతనితో అనని మాట అది. దామిర్‌కు అంతా చెప్పేసి కలిసి నవ్వుకుంటే సరిపోయే పని. "చిన్న గందరగోళం, తర్వాత చెప్తా" అని దాటేశాడు.

ఫంక్షన్ హాల్ కిటకిటలాడింది. ఇళ్ల సంగతి తేల్చుకుందామని సగం మంది, భోజనాలున్నాయని సగం మంది. క్లబ్బు పెద్దమనుషులు మొదటి వరసలో కాళ్ల మీద కాళ్లు వేసుకున్నారు. స్టేజీ మధ్యలో ఎర్ర మఖ్మల్ కుర్చీలు రెండు, ఒకటి అభిలాష్‌కు, తనకు తానే వేయించుకున్న ఇంకొకటి ఇంద్రకరణ్‌కు. దామిర్‌కు చివర్న, స్పీకరు డబ్బా పక్కన ప్లాస్టిక్ కుర్చీ. అభిలాష్‌కు జరీ శాలువా కప్పారు, మోయలేనంత దండ వేశారు. దామిర్‌కు ఒక తువ్వాల కప్పి, "మావోని కోచ్ దామోదర్ గారు" అని చప్పట్లు కొట్టించారు. అతను లేచి అందరికీ దండం పెట్టాడు. మూడేళ్లలో మొదటిసారి తన జోడీ ఊరు చూస్తున్న సంబరం ఆ ముఖంలో ఇంకా ఉంది.

ఇంద్రకరణ్ మైకు అందుకుని, ఇక్కడ ఎవరికీ ఏ ఇల్లూ రాలేదనీ, ఇది బంతాట సంగతనీ పావుగంట ప్రమాణం చేశాడు. "ఒక్కడు! మన మెదక్ పోరడు ఒక్కడే సముద్రాలు దాటి పోయి గా కప్పు గుంజుకొచ్చిండు!" అని అరిచి మైకు అభిలాష్ చేతిలో పెట్టాడు.

అభిలాష్ మొదలుపెట్టింది బాగానే. "అందరికి నమస్కారం. గీ కప్పు వెనుక..." అన్నాడు. దామిర్ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన ఇంద్రకరణ్ గట్టిగా దగ్గాడు. మొదటి వరసలో ఒక పెద్దమనిషి పక్కవాడితో ఏదో అని ముసిముసిగా నవ్వాడు. సగం గెలుపే గద అనే ఉంటాడు. ఆ నవ్వు చూశాక అభిలాష్‌కు కళ్లు కనబడలేదు.

"ఆఖరి టైబ్రేక్ నడుస్తుంది" అన్నాడు గొంతు పెంచి. "అవుతల మ్యాచ్ పాయింట్ కాపాడుకుని సమానంగ వచ్చినం... వచ్చిన. గప్పుడు నా మనసుల ఒక్కటే ఉండె. గీ బంతి నాది! గీ పాయింట్ నాది! గీ కప్పు నాది!"

హాల్ దద్దరిల్లింది. ఇళ్లు లేవని తేలి ఉడికిపోతున్న జనానికి అరవడానికి ఏదో ఒకటి కావాలి, అరిచారు. అభిలాష్ అది తన కోసమే అనుకున్నాడు. మొదటి వరస పెద్దమనుషులు కూడా చేతులు కలిపేసరికి ఉన్న కాస్త మతి పోయింది.

"నాది!" అన్నాడు మళ్లీ, పిడికిలి బిగించి.

మొదటి ‘నాది’కి దామిర్ చటుక్కున తలెత్తాడు. అర్థం కాని శబ్దాల మధ్య తెలిసిన మాట వినిపించి చిన్నగా నవ్వాడు కూడా. రెండోదానికి ఆ నవ్వు ఆగిపోయింది. మూడోదానికి అతని కాళ్లు వాటంతట అవే పక్కకు జరిగాయి. మూడేళ్ల అలవాటు మరి. నాలుగోసారి అభిలాష్ పిడికిలి ఎత్తినప్పుడు దామిర్ భుజం మీది తువ్వాల తీసి మడతపెట్టి కుర్చీ మీద ఉంచాడు. ఫొటోల కోసం అనుచరులంతా స్టేజీ మీదికి ఎగబడ్డప్పుడు వాళ్లకు దారి ఇస్తూ మెట్లు దిగిపోయాడు. అది చూసినవాళ్లు ఎవరూ లేరు. భోజనాలు మొదలయ్యాయని అప్పుడే ఎవరో కేకేశారు, హాల్ నిమిషాల్లో ఖాళీ అయింది. అభిలాష్ దండ బరువుకు మెడ వంచుకుని ఖాళీ కుర్చీల వైపు ఇంకా చెయ్యి ఊపుతున్నాడు.

మధ్యాహ్నం ఇంట్లో దామిర్ అన్నం తిని, పళ్లెం తనే కడగబోతే గోదావరి లాక్కుంది. రాత్రి విమానానికి హైదరాబాద్ వెళ్లాలి. పై గదిలో బ్యాగు సర్దుకుంటుంటే అభిలాష్ వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. అడగాల్సింది ఒక్కటే, అది వదిలి విమానం ఎన్నింటికని అడిగాడు.

"నీ ప్రసంగం నాకు అర్థమైంది" అన్నాడు దామిర్, చొక్కా మడుస్తూ.

"అది తెలుగు కదా."

"నాకొచ్చిన తెలుగే మాట్లాడావు."

అభిలాష్ గబగబా అంతా చెప్పాడు. అచ్చుతప్పు, సర్కారు ఇళ్లు, ఆగమ్మ, చిన్నాయన భయం. ఇళ్ల సంగతి విని దామిర్ మనసారా నవ్వాడు. ఆ నవ్వు చూసి అభిలాష్ గండం గడిచిందనుకున్నాడు. పప్పులో కాలేశాడు.

"సరే, డబుల్స్ అనొద్దని ఆయన చెప్పాడు, నువ్వు అనలేదు. నాది అనమని కూడా ఆయనే చెప్పాడా?"

అభిలాష్ మంచం మీది చొక్కా ఒకటి తీసి మడవడం మొదలుపెట్టాడు.

"ఆ ఆఖరి బంతి నీ తల మీదుగా పోయింది. నీకు అందలేదు. అప్పుడు నువ్వేమని అరిచావు?"

గుర్తుంది. ‘నీది’ అని అరిచాడు. దామిర్ వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, పడుతూ దాన్ని కొట్టాడు. అది గీత మీద పడింది. అభిలాష్ అప్పుడు చేసిన పనల్లా నెట్ దగ్గర నిలబడి చూడడమే.

"కోర్టులో నువ్వు నాది అంటే నేను తప్పుకుంటాను. ఎందుకని ఏనాడూ అడగలేదు. ఇప్పుడూ అడగను" అన్నాడు దామిర్. "ఆస్ట్రేలియా అతనికి ఇందాకే ఫోన్ చేసి సరే అన్నాను."

కోపంగా తిట్టినా బాగుండేదని అభిలాష్‌కు అనిపించింది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. దామిర్ మాత్రం షూ లేసులు కట్టుకుంటున్నంత మామూలుగా చెప్పాడు. మెల్‌బోర్న్ పోయింది. దాని వెనకే రావాల్సినవన్నీ పోయాయి. ఒక్క పూట చప్పట్ల కోసం, అదీ ఇళ్లు దొరకని జనం కడుపుమంటతో కొట్టిన చప్పట్ల కోసం, చేతిలో ఉన్నదంతా వదులుకున్న మొనగాడు మెదక్‌లో ఇంకొకడు దొరకడు. అభిలాష్‌కు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

కారు వచ్చింది. దామిర్ గుమ్మం దగ్గర వంగి గోదావరికి దండం పెట్టాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. బ్యాగు డిక్కీలో పెట్టి వెనక్కి వచ్చిన దామిర్ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఒక సంగతి అడుగుతాను. నాకు నాది నేర్పావు, నీది నేర్పావు. ‘అవర్స్’ అనడానికి మీ భాషలో మాట లేదా?"

"ఎందుకు లేదు? ఉంది" అన్నాడు అభిలాష్.

"మరి నేర్పలేదే?"

కోర్టులో దాంతో పనిలేదు అని చెప్పబోయి ఆగిపోయాడు. మా ఇల్లు, మా పొలం, మా చిన్నాయన అంటూ పెరిగిన నోరు. ఆ క్షణంలో ఆ నోటికి వచ్చిందొక్కటే.

"మాది" అన్నాడు.

"మాది." దామిర్ దాన్ని జాగ్రత్తగా పలికాడు. దీర్ఘం ఎక్కువ కాకుండా చూసుకున్నాడు. తన ఛాతీ మీద వేలు పెట్టి, తర్వాత అభిలాష్ ఛాతీ మీద పెట్టి, "మాది" అన్నాడు మళ్లీ. ఆ పరదేశపు ముఖంలో ఎక్కడా వెటకారం లేదు.

గుమ్మంలో గోదావరి నొచ్చుకుంది.

"అయ్యో, గట్ల చెప్తివేందిరా? మాది అంటె ఆయన లెక్కల లేనట్టే గద. మనది అని చెప్పు."

దామిర్ ఆమె వైపు చూసి, అభిలాష్ వైపు తిరిగాడు. "అమ్మ ఏమంటున్నారు?"

అభిలాష్ తల్లి ముఖం చూడలేదు.

"ఇంకొంచెం తిని పొమ్మంటోంది" అన్నాడు.